నిత్య ప్రయాణమునకు మేలిరకపు టైర్లు – నడుపువారి అనుభవములు
(హోసూరు ప్రాంతపు తెలుగువారి మాసిక సమావేశమున ఒక టైర్ల వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ నెల టైర్లను గురించి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు మనవారిలో కొందరు నవ్విరి. పద్యములు చదువు వేదికపై రబ్బరు కథ యేమిటని వారి భావము. వారి నవ్వు నాకు కష్టము కలిగింపలేదు. అయితే ఒక్క సంగతి మనవి చేసెదను. ఇప్పుడు బయట వేపచెట్టు క్రింద నిలిచియున్న కార్లను నేను లోనికి వచ్చుచు లెక్కించితిని. ఇరువదికి తక్కువ లేవు. మన పిల్లలు దినదినము బెంగుళూరు ఉద్యోగములకు ఈ కార్లలోనే పోయి వచ్చుచున్నారు. సంక్రాంతికి చిత్తూరు, మదనపల్లె, అనంతపురము బంధువుల యిండ్లకు పోవునది వీనిలోనే. పెండ్లి చూపులకు, తిరుమల మ్రొక్కులకు, ఆసుపత్రులకు పోవునదియు వీనిలోనే. నేను పదవ తరగతితో చదువు ముగించి అంగట కూర్చున్నవాడను, సాహిత్యము చెప్పలేను. ఇరువది యేండ్లకు పైగా టైర్లు విప్పి, బిగించి, వానిని నడిపినవారి మాటలు వినినవాడను గనుక ఆ మాటలే మీ ముందుంచెదను.

ముందుగా ఒక లెక్క. కారు బరువు 1,200 కిలోలనియు, టైరులోని గాలి 32 పౌండ్లనియు అనుకొనుడు. గాలి యొత్తిడితో బరువును భాగించి చూచినచో ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు సుమారు 130 చదరపు సెంటీమీటర్లుగా తేలును. అనగా మన అరచేయి యంత. నాలుగు టైర్లు గనుక నాలుగు అరచేతులు. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, వెనుక సీటులో అవ్వ, పైన సామాను, వీరందరిని గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పట్టియుంచునది ఈ నాలుగు అరచేతులే. 2019 ఏప్రిల్ నుండి మన దేశమున క్రొత్త కార్లన్నిటికిని ఏ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరి యైనవి. చాల మంచిది. కాని ఆ యంత్రము చక్రము బిగుసుకొనిపోకుండ మాత్రమే చూడగలదు. లేని పట్టును తాను పుట్టింపలేదు. పట్టు రబ్బరులో నుండవలయును.

ఇక “పెర్ఫార్మెన్సు టైరు” అను మాట. ఇరువది యేండ్ల క్రిందట మా అంగట ఈ మాట అడిగినవారు లేరు. “గట్టి టైరియ్యి” అనువారు. గట్టి యనగా ఎక్కువ కాలము మన్నునది. నేడు యువకులు ఫోనులో పేరు చూచుకొని వచ్చి అడుగుచున్నారు. ఈ రకపు టైరునందు రబ్బరు కలుపు కొంత మెత్తన, ప్రక్కగోడ కొంత బిగువు, పళ్ళు వెడల్పు. మెత్తని రబ్బరు రోడ్డును బాగుగ పట్టును, త్వరగ అరుగును. బిగువైన ప్రక్కగోడ మలుపులో కారును తూలనీయదు, గుంటలో నడుమును మాత్రము క్షమింపదు. పందెపు కార్లకు వేయునది ఒక కొన. సంవత్సరముల తరబడి అరుగక యుండు మైలేజి టైరు ఇంకొక కొన. ఈ రెంటి నడుమ దినదినము ఆఫీసునకు పోవువాడు కూడ వాడదగిన మేలిరకములు కొన్ని యున్నవి. మిషెలిన్ ప్రైమసీ, కాంటినెంటల్ అల్ట్రా కాంటాక్ట్, అపోలో ఆస్పైర్, బ్రిడ్జిస్టన్ టురాన్జా, ఎం.ఆర్.ఎఫ్. పెర్ఫిన్జా వంటి పేర్లు మీరు వినియుందురు. వీనిలో నేను అమ్మునవి కలవు, అమ్మనివి కలవు. పేరు పెట్టి పొగడుటకు గాని తెగడుటకు గాని నేను ఇక్కడికి రాలేదు. నా అంగటి బోర్డు వీధిలో ఉన్నది, ఈ వేదికపై వద్దు.

చరిత్ర కొంచెము చెప్పి విడిచెదను. రబ్బరును గంధకముతో ఉడికించి గట్టిపరచు విధమునకు ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందెను. మరుసటి సంవత్సరమే స్కాట్లండు దేశీయుడు రాబర్టు థామ్సన్ గాలి టైరును కనిపెట్టినను లోకము పట్టించుకొనలేదు. 1888లో డన్‌లప్ మరల కనిపెట్టిన పిమ్మటనే అది చెల్లుబాటయ్యెను. 1946లో మిషెలిన్ వారు రేడియల్ టైరునకు పేటెంటు కొనిరి. నేడు మన కార్లకున్నవన్నియు ఆ జాతివే. అదే 1946లో మన మదరాసు తిరువొత్తియూరున ఎం.ఆర్.ఎఫ్. సంస్థ బొమ్మ బెలూన్లు చేయు చిన్న కొట్టుగా మొదలైనది. బెలూను ఊదినవారు టైరులోనికి వచ్చుట వర్తకులమైన మనకు నచ్చు కథ. ఈ కథలో నేటి మన విషయమునకు ముఖ్యమైనది 1992. ఆ యేట మిషెలిన్ వారు నల్లని బొగ్గుపొడిలో చాల భాగము తీసి దాని బదులు సిలికా కలిపిన టైరును బజారునకు తెచ్చిరి. అంతకు ముందు తడి రోడ్డుపై పట్టు పెంచినచో పెట్రోలు ఖర్చు పెరిగెడిది. పెట్రోలు ఆదా చేసినచో పట్టు తగ్గెడిది. సిలికాతో ఆ రెండింటిని కొంతవరకు ఒకచోట చేర్చగలిగిరి. ఈనాడు నిత్య ప్రయాణమునకు మేలిరకపు టైరు సాధ్యమైనదనిన ఆ కలుపు వలననే.

ఇప్పుడు టైరు ప్రక్కనున్న వ్రాత. మన భాషలో లేదు, తమిళములో లేదు. ఇంగ్లీషు వచ్చినవారికి సైతము అది సంపూర్ణముగ అర్థము కాదు. కనుక ఈ ఒక్క విషయమున మనమందరము సమానముగ అల్పసంఖ్యాకులమే. కారు వద్ద కూర్చుండి చదువుడు: 185/65 ఆర్ 15 88 హెచ్. మొదటి 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి అరువదియైదు వంతులని. ఆర్ అనగా రేడియల్. 15 రిమ్ము కొలత, అంగుళములలో. 88 అనగా ఒక్క టైరు మోయగల బరువు 560 కిలోలు. చివరి అక్షరము వేగపు హద్దు: ఎస్ 180, టి 190, హెచ్ 210, వి 240, డబ్ల్యు 270 కిలోమీటర్లు. ఈ అక్షరము పెరుగుచున్న కొలది వెలయు పెరుగును, పిల్లల కన్నులును మెరయును.

“మన దేశమున ఎక్స్‌ప్రెస్ మార్గములపై కారునకు 2018 ఉత్తర్వు ప్రకారము 120 కిలోమీటర్లే గరిష్ఠ వేగము గదా, 210, 240 మనకేల?” అని మన పెద్దలొకరు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్న. ఆ వేగమున పోవుటకై ఆ టైరు కొనువాడు కొనకుండుటయే మేలు. కాని పెద్ద అక్షరముగల టైరును ఎక్కువ వేడికి తట్టుకొనునట్లు కట్టెదరు. అందువలన మే నెల మిట్టమధ్యాహ్నము కృష్ణగిరి దారిలో నూరు కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు అది తన శక్తిలో సగముతోనే పనిచేయుచుండును. మోయలేని బరువు మోయు కూలివానికిని, అలవోకగ మోయువానికిని గల భేదమే యిది. అయినను ఒక హెచ్చరిక. హెచ్ కంటె పైకి పోవుటవలన మన నిత్య ప్రయాణమునకు నేను చూచినంతలో గొప్ప లాభము లేదు; కారు తయారుచేసినవారు చెప్పిన అక్షరమునకు క్రిందికి మాత్రము దిగరాదు.

ఇంకొక వ్రాత అందరును చూడవలసినది, ఎవరును చూడనిది. డి.ఓ.టి. అను అక్షరముల వెంట చివర నాలుగంకెలుండును. 2323 అని యున్నచో 2023వ సంవత్సరమున ఇరువదిమూడవ వారమున పుట్టిన టైరు. రబ్బరు అరుగకపోయినను ముసలిదగును. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట చూపించుకొనవలయుననియు, పదియేండ్లకు ఎట్లున్నను తీసివేయవలయుననియు టైర్ల సంస్థలే చెప్పుచున్నవి. కొందరు కార్ల తయారీదారులు ఆరేండ్లకే తీసివేయుమందురు. మన బంధువొకరు పొరుగూరి యంగట “నలభై శాతము తగ్గింపు” అని నాలుగు టైర్లు కొని సంతోషముతో నా వద్ద బిగించుటకు తెచ్చిరి. తిప్పి చూచితిని, నాలుగేండ్ల క్రిందటి సరుకు. తగ్గింపు ఇచ్చినది వెలలో కాదు, వయస్సులో. ఆ యంగడివారు తిరిగి తీసికొనలేదు. బిల్లు వ్రాయకముందే ఆ నాలుగంకెలు చూచు హక్కు మీకున్నది. నా అంగటనైనను అడుగుడు, నేను కోపింపను.

ఇక నడుపువారి అనుభవములు. నాకు తెలిసినవి చాల గలవు. రెండు మూడింటి దగ్గర కొంత ఆగెదను.

మన వారిలో అద్దె కారు నడుపు ఒక తమ్ముడున్నాడు. నెలకు అయిదారు వేల కిలోమీటర్లు తిరుగును. అతనికి టైరనిన మన్నిక. లక్షకు దగ్గరగ తిరిగినదని గొప్పగ చెప్పుకొనువాడు. గట్టి రబ్బరు టైర్లు, అవియు సగము పైగా అరిగినవి. ఒకనాటి సాయంకాలము ధర్మపురి దాటి తొప్పూరు కనుమ దిగుచుండగా వాన పట్టుకొనెను. ఆ కనుమ సంగతి మీకు క్రొత్త కాదు. లారీలు బ్రేకు కాలిన వాసనతో దిగు చోటు. ముందు లారీ నెమ్మదించెను, ఇతడు బ్రేకు త్రొక్కెను. కారు నేరుగ జారుచునే పోయెను. ప్రక్కనున్న మట్టిలోనికి త్రిప్పి బ్రదికెను. కారులో వృద్ధ దంపతులుండిరి. మరునాడు వచ్చి నాతో అనిన మాట: “బ్రేకు బాగానే ఉండాది అన్నా, బండే నిలవల్యా.” ఇంతకంటె చక్కగ ఏ ఇంజనీరును చెప్పలేడు.

ఎందుకు నిలువలేదు? గంటకు 80 కిలోమీటర్ల వేగమున, రోడ్డుపై మూడు మిల్లీమీటర్ల నీరుండగా, 185 మిల్లీమీటర్ల వెడల్పుగల టైరు సెకనుకు సుమారు 12 లీటర్ల నీటిని ప్రక్కకు త్రోయవలయును. ప్రతి టైరు, ప్రతి సెకను, ఒక బిందెడు నీరు! ఆ నీరు పోవుటకే పళ్ళ నడుమ కాలువలు. క్రొత్త టైరున కాలువ లోతు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. చట్టము ప్రకారము 1.6 మిల్లీమీటర్ల వరకు వాడవచ్చును. కాలువ అడుగున చిన్న గట్టులు కనబడును, ప్రక్కగోడపై టి.డబ్ల్యు.ఐ. అని గుర్తుండును. పళ్ళు ఆ గట్టులతో సమానమైననాడు టైరు చచ్చినది. కాని వానలో అది అంతకు ముందే మంచము పట్టును. నా అనుభవమున మూడు మిల్లీమీటర్లకు దిగిన టైరును వానకాలము రాకముందే మార్చుట మేలు. నీరు పోవుటకు చోటు లేనప్పుడు టైరు నీటిపై తేలును. ఆ క్షణమున స్టీరింగు తేలికయగును, అరచేతులు నాలుగును గాలిలో నున్నట్లే. అప్పుడు బ్రేకును గట్టిగ త్రొక్కరాదు, చక్రమును త్రిప్పరాదు. ఆక్సిలరేటరు వదలి నేరుగ పట్టుకొనవలయును.

ఆ తమ్మునికి తరువాత మేలిరకపు టైర్లు వేసితిమి, అతడు అయిష్టముతోనే ఒప్పుకొనెను. ఆరు నెలల పిమ్మట అతని మాట ఏమనగా: వానలో కారు అతని మాట వినుచున్నది, మలుపులో ప్రయాణికులు తూలుట తగ్గినది, రోడ్డు చప్పుడు మొదట తక్కువగ నుండి అరిగిన కొలది పెరుగుచున్నది, లీటరుకు వచ్చు దూరము కొంచెము తగ్గినది. టైర్లు మునుపటివలె లక్ష తిరుగవనియు అతనికి తెలిసినది. “అయినా మార్చనులే అన్నా” అనెను. ఇది సంపూర్ణమైన సాక్ష్యము. మంచియు చెడ్డయు రెండును చెప్పినాడు. మంచి మాత్రమే చెప్పు సాక్ష్యము ప్రకటనదారునిది.

వర్తకుడను గనుక ఆ ఖర్చు లెక్క వేసి చూపెదను. ఒక మైలేజి టైరు వెల 5,500 రూపాయలనియు 50,000 కిలోమీటర్లు వచ్చుననియు అనుకొందము. మేలిరకము 7,500, వచ్చునది 38,000. నాలుగు టైర్లకు కిలోమీటరునకు మొదటిది 44 పైసలు, రెండవది 79 పైసలు. తేడా 35 పైసలు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు 3,500 రూపాయలు. ఇది పెద్ద మొత్తమా, చిన్న మొత్తమా? మన పెండ్లిండ్లలో ఒక్క విస్తరివరుసకు అగు ఖర్చు. అద్దె కారునకు మాత్రము ఏడాదికి అరువది వేల కిలోమీటర్లు తిరిగినచో 21,000 రూపాయలగును. కూలిపై బ్రదుకువానికి అది బరువే. అందుచేత అద్దె కార్లవారందరును ఇదే వేయుడని నేను చెప్పను. మైలేజి టైరే వేసికొనుడు, మూడు మిల్లీమీటర్లకు తీసివేయుడు. మన్నికయని తుదివరకు లాగుటలోనే ప్రాణాపాయమున్నది, గట్టి రబ్బరులో కాదు.

రెండవ అనుభవము మన పిల్లలది. ఉద్యోగము రాగానే కారు, కారు రాగానే అలాయ్ రిమ్ములు, ఆపైన వెడల్పు టైర్లు. ఒక బాబు వచ్చి 185/65 ఆర్ 15 తీసి 205/65 ఆర్ 15 వేయుమనెను. ఎందుకు బాబూ అనినచో చూడ బాగుండును మామా అనెను. సత్యము చెప్పినాడు, అది సంతోషము. కాగితముపై లెక్క వేసి చూపితిని: పాత టైరు మొత్తపు వ్యాసము 621 మిల్లీమీటర్లు, కోరినది 647. నూటికి నాలుగు వంతులు పెద్దది. మీటరు నూరు చూపునప్పుడు కారు నూటనాలుగు పోవుచుండును; స్టీరింగు పూర్తిగ త్రిప్పినప్పుడు లోపలి తట్టకు రాచుకొనవచ్చును; వెడల్పు పెరిగినందున నీటిపై తేలుట సులభమగును, పెట్రోలు ఎక్కువ త్రాగును. రిమ్ము పెంచవలయునని పట్టుదలయున్నచో 195/55 ఆర్ 16 వేయవచ్చును. దాని వ్యాసమును 621 దరిదాపే. పెద్ద రిమ్ము, పొట్టి ప్రక్కగోడ, మొత్తము అంతే. బరువు సంఖ్య మాత్రము మునుపటిదానికి తగ్గకుండ చూచుకొనవలయును. కారు పుస్తకములో చెప్పిన కొలతలలో అది లేనిచో వారంటీ, బీమా చిక్కులును వచ్చును. పొట్టి ప్రక్కగోడ మన గుంటల రోడ్లకు శత్రువు. ఒక్క గుంటలో పడినచో లోపలి దారము తెగి ప్రక్కన బుడిపె లేచును. బుడిపె లేచిన టైరు నిండు చూలాలి వంటిదని మా నాయనగారనువారు, ఎప్పుడని అడుగరాదు. దానికి మరమ్మతు లేదు, వెంటనే తీసివేయవలసినదే. ఆ బాబు చివరకు పాత కొలతలోనే మేలిరకము వేయించుకొనెను. చూపునకు మార్పు లేదు. కాని నెల తరువాత తిరుమల పోయి వచ్చి, దిగువ కనుమలో మలుపులన్నిటను కారు గీత గీసినట్లు దిగినదని చెప్పెను. 1944 నాటి ఆ పాత కనుమదారి మలుపులు ఎట్టివో మీరెరుగుదురు. తల్లి వెనుక సీటున కన్నులు మూసికొనక కూర్చుండుట అదే మొదటిసారియట.

మూడవది గాలి. దీనిని గురించి మాటలాడినచో నాకు లాభము లేదు, గాలి వెల లేనిది గనుక. కాని నేను చూచిన పగిలిన టైర్లలో ఎక్కువ పాలు గాలి తక్కువై పగిలినవే. ఎండకాలమున గాలి వేడెక్కి పొంగును గనుక తక్కువ నింపవలయునని ఒక నమ్మకము మన ప్రాంతమున గట్టిగ నాటుకొనియున్నది. ఇది తలక్రిందులు. గాలి తక్కువైనచో ప్రక్కగోడ ప్రతి చుట్టునకును ఎక్కువగ మడతపడును. ఆ మడతవలననే వేడి పుట్టును. ఆ వేడితోనే పొరలు విడిపోవును. తయారీదారు చెప్పిన కొలత ఆ వేడిని లెక్కలోనికి తీసికొనియే చెప్పినది. కొలత డ్రైవరు వైపు తలుపు తీసినచో స్తంభముపై అంటించియుండును, లేదా పెట్రోలు మూత లోపల. కుటుంబమంతయు సామానుతో ఎక్కినప్పుడు వెనుక చక్రములకు ఎంత పెంచవలెనో కూడ అచ్చటనే యుండును. టైరుపై వ్రాసిన గరిష్ఠపు గాలి వేరు. అది హద్దు గాని ఆదేశము కాదు. దానిని చూచి యాభై పౌండ్లు నింపినవారును కలరు. ఉదయము, టైరు చల్లగ నున్నప్పుడు, నెలకు రెండుసార్లు చూచుకొనుడు. ఏ లోపము లేని టైరు కూడ నెలకు ఒక పౌండు వంతున జారవిడుచును. నైట్రోజను సంగతి తప్పక అడుగుదురు గనుక చెప్పుచున్నాను: మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజను. వేసికొన్నచో తప్పు లేదు. వేసితిమని కొలత చూచుట మానినచో తప్పు.

రెండే టైర్లు కొనునప్పుడు క్రొత్తవి ఎచట వేయవలెనని ఇంటింట తగవు. ఇంజను ముందు, లాగునది ముందు, కనుక క్రొత్తవి ముందేయని అందరి వాదము. మా అంగట పనివారు కూడ అడుగకున్నచో అట్లే వేయుదురు. నేను మాత్రము వెనుక వేయుమందును. ముందు చక్రములు జారినచో కారు నేరుగ పోవును, వేగము తగ్గించి సరిదిద్దుకొనవచ్చును. వెనుక చక్రములు జారినచో కారు బొంగరమగును; దానిని మామూలు మనుష్యుడు సరిదిద్దలేడు. పెద్ద టైర్ల సంస్థలును ఈ మాటయే చెప్పుచున్నవి. నా మాట విని ఒప్పుకొన్నవారి కంటె ఒప్పుకొనక వాదించి పోయినవారే ఎక్కువ. వారిలో కొందరు ఈ సభలోను ఉన్నారు, ముందు వరుసలోనే.

మెత్తని టైరు కొన్నవారికి ఒక మాట. కొన్నిటికి ప్రక్కన బాణపు గుర్తుండును. కొన్నిటికి బయటి వైపు ఇదియని ఇంగ్లీషున వ్రాసియుండును. బిగించువాడు పొరపడినచో వానలో పట్టు తగ్గును. బిగించునప్పుడు టీ త్రాగుటకు పోక దగ్గర నిలిచి చూడుడు. వీలు అలైన్మెంటు, బ్యాలెన్సింగు చేయింపక వేసిన మేలిరకపు టైరు పట్టుచీర కట్టి బురదలో నడిచినట్లు. లోపలి అంచు ఒక్కటే పదివేలకు నున్నబడును. ఎనిమిది పదివేల కిలోమీటర్లకొకసారి ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మార్పించుడు. క్రొత్త టైర్లతో మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగ పోవుడు. అచ్చు నుండి ఊడుటకు పూసిన జారుడు పొర అరుగవలయును. క్రొత్తవి గదాయని ఆ నాడే వానలో పరీక్షించినవానిని ఒకనిని ఎరుగుదును, అతడు క్షేమము, కారు బంపరు మాత్రము మారినది.

మరి మా వర్తకుల మాట కూడ చెప్పకున్న న్యాయము కాదు. ఎక్కువ లాభము వచ్చు టైరును ముందు చూపుట మా వృత్తిలో ఉన్నది. “ట్రెడ్‌వేర్ 400” అని టైరుపై అచ్చుగ్రుద్దిన సంఖ్యను చూపి, 300 కంటె ఇది మేలనువారు కలరు. అది అమెరికా నిబంధన ప్రకారము వేయు సంఖ్య. 100 అను ప్రమాణపు టైరుతో పోల్చి తయారీదారుడే పరీక్షించి వేసికొనునది. ఒకే సంస్థవారి రెండు రకములను పోల్చుటకు పనికి వచ్చును. రెండు సంస్థలవానిని పోల్చుటకు పనికిరాదు. ఐరోపాలో 2012 నుండి ప్రతి టైరుపై తడిపట్టునకు, ఇంధనమునకు, చప్పుడునకు వేరు వేరు గుర్తులు అంటించి అమ్ముచున్నారు. 2021లో ఆ చీటీని మార్చి ఏ నుండి ఇ వరకు అక్షరములుగ చేసిరి. అట్టి చీటీ మీ టైరునకున్నచో తడిపట్టు అక్షరమును చూడుడు, అన్నిటికంటె ముందు. మన కార్ల టైర్లపై ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పక యుండవలయును. అది లేని దిగుమతి సరుకును ఎంత చౌకయైనను ముట్టకుడు. వాడిన టైర్లు కొని వేయువారికి నేను చెప్పగల సలహా ఒక్కటే, కొనకుడు. దాని చరిత్ర మీకు తెలియదు, అమ్మువానికిని తెలియదు.

కార్యదర్శిగారి అనుమతితో ఒక ఏర్పాటు చేసితిని. వచ్చు నెల మొదటి ఆదివారము ఉదయము ఏడు గంటలకు, ఎండ ఎక్కకముందు, ఈ ఆవరణలోనే మా పనివారిద్దరు గేజి, లోతు కొలత, గాలి యంత్రముతో వచ్చెదరు. ఎవరి కారునైనను చూచి, పుట్టిన వారము, మిగిలిన లోతు, గాలి కొలత ఒక చీటీపై తెలుగున వ్రాసి ఇచ్చెదరు. రుసుము లేదు. అచ్చట టైర్లు అమ్మబడవు. మార్చవలసినవారు ఏ అంగటనైనను మార్చుకొనవచ్చును. అద్దె కార్ల తమ్ములు ముందుగ రండు, మీకు బాడుగ వేళలుండును. స్టెప్నీని కూడ చూచెదము. దయచేసి దానిపైనున్న బియ్యపు మూటలు, బిందెలు, పాత గొడుగులు ఇంటనే దింపి రండు. పోయినసారి ఒక కారులో స్టెప్నీని వెలికితీయుటకే అరగంట పట్టినది, తీసిన తరువాత దానిలో గాలి లేదు.